వేలిముద్ర పడని మనిషి

లై పిండి చల్లారిందో లేదో ఏడుకొండలు ఎప్పుడూ చిటికెన వేలితోనే చూసేవాడు. మిగతా వేళ్ళకు వేడి తెలియడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ మంగళవారం పొద్దున కూడా అలాగే చూశాడు. మైదాలో మైలుతుత్తం కలిపి కాచిన ఆ జిగురును చెల్లెలి కాలేజీ హాజరు పుస్తకం వీపుకు పూసి, కాలికో అనే బైండింగు గుడ్డ అంటించి, ఇనుప ప్రెస్సులో పెట్టి పైన చక్రం బిగించాడు.

"రేప్పొద్దున దాకా విప్పమాకు. నీకు తొందరెక్కువ."

"రెండు వారాలుగా అడిగితే ఇవాళ పెట్టావు. తొందర నాదా?" అంది వేదవతి.

"గ్రూప్ టూ పరీక్ష వాయిదా పడబట్టి నీ పుస్తకానికి వంతొచ్చింది. లేకపోతే వచ్చే నెల మాటే."

ఆవిడ చెప్పులు వేసుకుని నారాయణగూడ వైపు నడిచింది. అక్కడ ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతోంది. సందు మలుపులో వెనక్కి తిరిగి చూడలేదు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చే మనిషి వెనక్కి తిరిగి ఎందుకు చూస్తుంది?

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌లోకి పోయే సందులో, ఒక షట్టరుకు సగం వెడల్పున ఉండేది ఆ కొట్టు. వాళ్ళ నాన్న బాపట్ల దగ్గర నుంచి ప్రెస్సు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఏడుకొండలు పుట్టింది ఈ వీధిలోనే. చెల్లెలితో "ఏంటే" అనేవాడు, గడప దాటితే "ఏంది" అనేవాడు. భార్య పోయి పదేళ్ళు. పిల్లలు లేరు. తల్లి కోటమ్మ కూడా ఆరేళ్ళ క్రితం పోయింది. అప్పటి నుంచి కొట్టు పైన రెండు గదుల పోర్షనులో అన్నా చెల్లెళ్ళిద్దరే. వేదవతి పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు ఏడుకొండలే జవాబు చెప్పేవాడు: "దానికి నచ్చే వ్యాకరణం తెలిసినవాడు ఇంకా పుట్టలేదు."

అశోక్‌నగర్ అంటే సర్కారీ కొలువు కోసం చదివే పిల్లల ఊరు. పిల్లలంటే పేరుకే. ముప్పై దాటినవాళ్ళు, నెత్తిన జుట్టు పలచబడ్డవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు జిరాక్సు తీయించిన నోట్సులన్నీ ఏడుకొండలు దగ్గరికే వచ్చేవి. స్పైరల్ వేస్తే నాలుగు నెలల్లో ఊడుతుంది, కుట్టు వేస్తే నాలుగు నోటిఫికేషన్లు ఆగుతుంది అనేవాడు. నిజంగానే ఆగేవి. అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అందరికీ బైండింగన్న. ఫోనులో మరీ పొదుపుగా, అన్న.

కాగితాలు మడిచి కుట్టే సత్తవ్వ ఆ పిలుపు మీద ఎప్పుడూ ఎగతాళి చేసేది. అరవై ఐదేళ్ళ మనిషి, కొట్టులో ముప్పై ఏళ్ళుగా ఉంది. "నాకంటె పన్నెండేండ్లు చిన్నోనివి. నిన్ను నేను గూడ అన్న అనాల్నా? ఏం కాలమొచ్చెరా నాయిన!" అంటూనే అన్న అనేది.

ఆ వేళ్ళ సంగతి చెప్పాలి. నలభై ఏళ్ళు కాగితం అంచుల మీద, అట్టల మీద రుద్దీ రుద్దీ ఏడుకొండలు వేళ్ళ కొసలు గాజుపెంకుల్లా నున్నబడ్డాయి. గీతలన్నవి లేవు. రేషను దుకాణంలో మిషను అతని బొటనవేలిని ఎన్నడూ ఒప్పుకోలేదు. మూడేళ్ళ క్రితం కొట్టుకు కొత్త సిమ్ము తీసుకోవడానికి ముగ్గురూ కలిసి ఫోన్ల షాపుకు వెళ్ళారు. పది వేళ్ళూ పెట్టించి, తుడిపించి, మళ్ళీ పెట్టించి, షాపతను చేతులెత్తేశాడు.

"అంకుల్, మిషన్ లెక్కల మీరు లేనే లేరు."

"మంచిదే కదా," అన్నాడు ఏడుకొండలు. "రేపు నేనేం చేసినా ఎవరికీ దొరకను."

సత్తవ్వ పడీ పడీ నవ్వింది. చివరికి వేదవతి తన వేలు పెట్టింది. అలా కొట్టు నంబరు వేదవతి పేరు మీద ఉండిపోయింది. ఆ ఫోనుకు రోజుకు వంద సందేశాలు వచ్చేవి. *అన్నా మెటీరియల్ రెడీనా. అన్నా టార్గెట్ బ్యాచ్‌ది నలభై సెట్లు. అన్నా రేపు పొద్దున మావోడొస్తడు, మెటీరియల్ ఇచ్చి పంపు.* మెటీరియల్ అంటే అశోక్‌నగర్‌లో చదువుకునే కాగితాలు. అక్కడ ఎవరినడిగినా చెబుతారు.

ఆ మంగళవారం కాలేజీలో మూడో పీరియడులో అటెండరు వచ్చి, గేటు దగ్గర ఎవరో ముసలమ్మ ఉందన్నాడు. సత్తవ్వ. కాళ్ళకు రెండు వేరు వేరు చెప్పులున్నాయి. ఒకటి తనది, ఒకటి ఏడుకొండలుది.

"అన్నను తీస్కపోయిండ్రు టీచరమ్మా."

"ఎవరు?"

"నలుగురు. మామూలు బట్టలే. బైండింగన్న ఎవరన్నరు. నేనే అన్నడు. ఫోను తీస్కున్నరు. తెల్ల బండి, నంబరు మీద మన్ను పూసిండ్రు. పదీ నలభైకి. గోడ గడియారం నేనే చూసిన."

"ఏమడిగారు? ఏం చెప్పాడు?"

సత్తవ్వ నేల చూపులు చూసింది. "ఫోను ముచ్చటేదో అడిగిండ్రు. నాకు సమజ్ కాలె."

వేదవతి కొట్టు దగ్గరికి చేరేసరికి శ్రావణ్ అక్కడే ఉన్నాడు. జగిత్యాల నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఏడేళ్ళుగా చదువుతున్నవాడు. ముప్పై ఒకటో ఏడు. రోజూ గ్రంథాలయంలో సీటు మీద రుమాలు వేసి, ఇక్కడికొచ్చి టీ తాగి పోతాడు.

"పరేషాన్ కాకు అక్కా. ఆర్టికల్ ట్వంటీటూ. పట్టుకున్నోన్ని ఇరవై నాలుగు గంటల్లోపట మేజిస్ట్రేట్ ముందర పెట్టాలె. పోయినసారి ప్రిలిమ్స్‌ల వచ్చింది ఈ బిట్టు." సెల్లు తీసి టైము చూసుకున్నాడు. "రేపు పదీ నలభై. అంతకు దాటనీకి లేదు."

వేదవతి ఆ గడియారాన్ని మనసులో పెట్టుకుంది. రేపు పదీ నలభై. ఆలోపు అన్నయ్య ఎక్కడున్నాడో తెలియాలి. అంతే కావాలి.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేయించాడు.

"మా దగ్గర లేడమ్మా. మా వాళ్ళెవరు పోలే."

"మరి ఎవరు?"

"నాకెట్ల తెలుస్తది? మనిషి కనబడుతలేడని రాసియ్యండి, తీస్కుంట."

వేదవతి కాగితం అందుకుంది. కలం పెట్టింది. ఆగింది. "కనబడకపోవడం వేరు, తీసుకెళ్ళడం వేరు. సాక్షి ఉంది. నలుగురు తీసుకెళ్ళారని రాస్తాను."

"అట్ల రాస్తె నేను తీస్కోలేనమ్మా. ఎవరు తీస్కపోయిండ్రో రాయాలె గద. పేర్లు చెప్తరా?"

"పేర్లు తెలిస్తే మీ దగ్గరికి ఎందుకొస్తాను?"

ఒక్క క్రియ దగ్గర నలభై నిమిషాలు గడిచాయి. ఇరవై రెండేళ్ళు పిల్లల చేత కర్తరి, కర్మణి రాయించిన మనిషి. కర్త లేని వాక్యం మీద సంతకం పెట్టడానికి ఆవిడ చెయ్యి రాలేదు. గోడ మీద ముల్లు తిరుగుతూనే ఉంది. చివరికి శ్రావణ్ చెవిలో గొణిగాడు: "అక్కా, ఏదో ఒకటి రాయక్కా. ముద్ర పడాలె. టైము ముఖ్యం." ఆవిడ "నా అన్నయ్య ఏడుకొండలు కనబడుట లేదు" అని రాసింది. ముద్ర మీద నాలుగూ ఇరవై ఐదు అని పడింది.

లేస్తూ ఆవిడ ఒక మాట అంది. "ఫోను గురించి అడిగారట. ఆ నంబరు నా పేరు మీద ఉంది. ఏదైనా ఉంటే నన్నడగమనండి."

ఇన్‌స్పెక్టరు చేతిలోని కలం ఆగింది. తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఈ మాట నాకు చెప్పినవు. ఇంకెవరికి చెప్పకమ్మా. ఇంటికి పో."

వేదవతి దాన్ని బెదిరింపు అనుకుంది.

హిమాయత్‌నగర్‌లో ఒక చీరల షాపు పై అంతస్తులో రచన గారి ఆఫీసు. ఇలాంటి కేసులు చూసే లాయరు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. అంతా విన్నాక ఒకటే అడిగింది.

"స్టేషన్‌లో ఏమన్నారు? వాళ్ళన్న మాట అన్నట్టే చెప్పండి."

"మా దగ్గర లేడన్నారు."

రచన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "తెచ్చాం అని ఉంటే బాగుండేదండీ. తెచ్చాం అంటే కేసు పెడతారు, కొడతారేమో, జైల్లో వేస్తారు. మనిషి ఉంటాడు. లేడు అన్నప్పుడే భయపడాలి."

ఒక మనిషిని పోలీసులు పట్టుకున్నారన్న కబురు కోసం తాను ఇంతగా ఎదురుచూస్తానని వేదవతి ఎన్నడూ అనుకోలేదు. ఆ సాయంత్రం ఫోను మోగినప్పుడల్లా ఆ ఒక్క మాటే వినబడాలని కోరుకుంది. తెచ్చాం. మా దగ్గరే ఉన్నాడు. వచ్చి చూసుకోండి.

రచన కూర్చున్న చోటే పిటిషను తయారుచేసింది. మనిషిని తెచ్చి తమ ముందు నిలబెట్టమని హైకోర్టు పోలీసులను ఆదేశించాలని అడిగే పిటిషను. మర్నాడు పదిన్నరకు కోర్టు కూర్చోగానే జడ్జి ముందు ప్రస్తావిస్తానంది. పత్రికల వాళ్ళకు తనే ఫోన్లు చేసింది. "వార్త ఎంత ఎక్కువ మందికి తెలిస్తే మీ అన్నయ్యకు అంత మంచిది. నలుగురి కళ్ళ ముందున్న మనిషిని ఏమీ చేయలేరు."

శ్రావణ్ ఆ పని తన పద్ధతిలో చేశాడు. పరీక్షల గ్రూపులన్నిటిలో ఒక్క వాక్యం పెట్టాడు: *మన బైండింగన్నను ఎత్తుకపోయిండ్రు.* ఆరింటికల్లా సందు నిండిపోయింది. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. ఎవరి పుస్తకం వాళ్ళు పట్టుకుని వచ్చారు. కాలికో వీపున్న ఇండియన్ పాలిటీ, తెలంగాణ చరిత్ర, ఎకానమీ. కొట్టు ముందు ఆ పుస్తకాలు ఛాతీకి ఆనించుకుని నిలబడ్డారు. ఒకతను సత్తవ్వతో అన్నాడు: "ఇది మా అక్క కుట్టించుకున్నది అవ్వా. ఆమెకు జాబొచ్చింది. నాకిచ్చి పోయింది. ఇంకా ఒక్క పేజీ ఊడలె."

"ఎట్ల ఊడుతది? కుట్టింది నేను," అంది సత్తవ్వ. అంతలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రాత్రి ఎలా గడిచిందో వేదవతి ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఆరూ యాభైకి సందు చివరి టీ కొట్టులో టీవీ కింద అక్షరాలు పరుగెత్తాయి. శ్రావణ్ చూశాడు. పరుగెత్తుకుని రాలేదు, నడిచే వచ్చాడు. కొట్టు మెట్టు మీద కూర్చున్న వేదవతి ముందు నిలబడ్డాడు. సెల్లు చూశాడు. ఆరూ యాభై నాలుగు.

"ఇంకా టైముంది గదక్కా," అన్నాడు. "ఇంకా మూడు గంటల నలభై ఆరు నిమిషాలుంది. అట్లెట్ల చేస్తరు?"

ప్రకటన తొమ్మిదింటికి వచ్చింది. వేదవతి దాన్ని నిలబడే చదివింది. సరిహద్దు అడవిలో తెల్లవారుజామున గాలింపు జరుపుతున్న బృందంపై కొందరు కాల్పులు జరిపారు. ఆత్మరక్షణ కోసం జరిపిన ఎదురుకాల్పుల్లో ఏడుకొండలు అలియాస్ బైండింగన్న అలియాస్ అన్న, వయసు యాభై మూడు, మృతి చెందాడు. మిగతావారు చీకట్లో పారిపోయారు. నెల క్రితం పట్టుబడ్డ ఒక వ్యక్తి ఫోనులో ఇతని నంబరు అన్న పేరుతో ఉంది. ఇతను నగరంలో ఉంటూ అడవికి మెటీరియల్ చేరవేసేవాడు. చనిపోయిన ఒక మహిళ పేరు మీద సిమ్ తీసుకుని రహస్యంగా వాడుతున్నాడు. సంఘటన స్థలంలో దొరికిన తుపాకిపై ఇతని వేలిముద్రలు ఉన్నాయి.

ఈ నేల మీద అన్నలు అంటే అడవిలో తుపాకి పట్టినవాళ్ళన్న అర్థం కూడా ఉంది. అది ఆవిడకు తెలియని సంగతి కాదు. కానీ ఆ మాట చాయ్ పోసేవాణ్ణీ, ఆటోవాణ్ణీ, దారి అడిగిన పరాయివాణ్ణీ కూడా పిలిచే మాట. ఆవిడ ఒక్కతే అతన్ని అన్నయ్య అనేది. వీధి మొత్తం అన్న అనేది. వీధి ముద్దుగా పిలిచిన పిలుపుకు ముందు అలియాస్ అని పెట్టగానే అది దాక్కున్న మనిషి పేరయిపోయింది.

ప్రకటన రెండోసారి చదివినప్పుడు చనిపోయిన మహిళ అన్న చోట ఆవిడ చూపు ఆగింది. ఇదెక్కడి తప్పు? సిమ్ముంది నా పేరు మీద కదా, అనుకుంది. అబద్ధం రాసేవాళ్ళు ఆ మాత్రం సరిచూసుకోలేదే అనుకుంది.

పదిన్నరకు రచన గారు కోర్టులో లేచి నిలబడేసరికి, అడగవలసింది మనిషిని తెచ్చి చూపించమని కాదు, శవానికి సరైన పరీక్ష చేయించమని.

శవాన్ని మర్నాడు అప్పగించారు. గాయాల గురించి ఇక్కడ రాయడం లేదు, అవి కాగితాల్లో ఉన్నాయి. వేదవతి చూసింది చేతులు. పది వేళ్ళకూ నల్ల సిరా పూసి ఉంది. ఒకసారి పూసి, తుడిచి, మళ్ళీ పూసినట్టు సిరా గోళ్ళ కిందికి, కణుపుల దాకా పాకింది. ఎవరో కూర్చుని ఆ వేళ్ళను కాగితం మీద ఎన్నిసార్లు ఒత్తారో. ఫోన్ల షాపతను గుర్తొచ్చాడు ఆవిడకు. సత్తవ్వ కొబ్బరినూనె తెచ్చి ఒక్కొక్క వేలూ తుడిచింది. "ఎంత ఒత్తినా వాళ్ళకు ఏం దొరుకుతది నాయినా," అంది ఆ చేతితోనే మాట్లాడుతున్నట్టు.

ఎనిమిది నెలలకు విచారణ పెట్టారు. అధికారి ఎదుట ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేపు రికార్డరు, మూలన కూలరు. వేదవతి తను చెప్పవలసిన ప్రతి వాక్యాన్నీ ముందే రాసుకుంది. ఒక్క దాంట్లో కూడా కర్త లేకుండా పోలేదు. ప్రెస్సులోంచి ఇంకా తీయని హాజరు పుస్తకం గురించి మాత్రం రాసుకోలేదు. కాలేజీ వాళ్ళు కొత్తది కొనుక్కున్నారు.

వేలిముద్రల సంగతి మొదట చెప్పింది. రేషను దుకాణం వాళ్ళు ఇచ్చిన కాగితం చూపించింది: *వేలిముద్ర సరిపోలలేదు*, అరవై ఒక్క నెలలు, అరవై ఒక్క సార్లు. అధికారి తల వంచి రాసుకున్నాడు. తరువాత ఆవిడ సంచిలోంచి తన ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"చనిపోయిన మహిళ పేరు మీద సిమ్ తీసుకున్నాడని ప్రకటనలో ఉంది. ఆ పేరు వేదవతి. ఆ వేదవతిని నేనే. మూడేళ్ళ క్రితం నా వేలు పెట్టి తీసుకున్నాను. నేను బతికే ఉన్నాను. మీ ముందే నిలబడ్డాను. ఈ ఒక్క వాక్యం చాలదా, మిగతా ప్రకటన ఎంత నిజమో తెలియడానికి?"

అధికారి మొదటిసారి ముఖం ఎత్తి ఆవిడను చూశాడు. కార్డు నంబరు రాసుకున్నాడు. వెనక కుర్చీలో రచన మెల్లగా ఊపిరి వదిలింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి, ఒక మాట సరైన చోట తగిలిందని వేదవతికి అనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు నారాయణగూడ ఫ్లైఓవరు దగ్గర ఆటో దిగి, సత్తవ్వా తనూ టీ తాగడానికి ఆగారు. సత్తవ్వ గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

"ఏమైంది అవ్వా? నువ్వు బాగానే చెప్పావు కదా."

"నేను మంచిగనే చెప్పిన. నువ్వే..." ఆగింది. పక్కనుంచి బస్సు పోయేదాకా ఆగింది. "నీకు చెప్పొద్దనుకున్న. చెప్తె నువ్వు తట్టుకోవని. ఇప్పుడు నువ్వే పోయి వాళ్ళకు కార్డు చూపెడితివి."

"ఏం చెప్పొద్దనుకున్నావు?"

"ఆ కాయితంల అన్నీ వాళ్ళు పుట్టించినయే టీచరమ్మా. అదొక్కటే వాళ్ళు పుట్టించింది కాదు. ఆ రోజు వాళ్ళు అన్నను అడగనీకి రాలె. సెల్లుల చూసుకుంట, ఈ ఫోను వేదవతి పేరు మీదున్నది, వేదవతి ఎవరు, యాడుంటది అన్నరు. అన్న అప్పుడు నీ పుస్తకం మీద ప్రెస్సు చక్రం ఇంకొంచెం బిగిస్తుండె. చెయ్యి తియ్యలే. వేదవతి మా అమ్మ, పోయి ఆరేండ్లాయె, ఫోను నాదే అన్నడు. అని నా దిక్కు ఒక్కపారి చూసిండు."